ఆపరేషన్ అయ్యాక వీర్యం ఎటు పోతుంది?

పోయిన వేసవిలో ఒక సాయంత్రం కాశీనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా మందుల షాపు బయట బల్ల మీద అరగంట కూర్చున్నారు. జనం పలచబడ్డాక లేచి వచ్చి, చేతిసంచిలోంచి పాత దగ్గుమందు సీసా తీసి కౌంటర్ మీద పెట్టారు. అందులో ఉన్నది ఆయన మూత్రం. సీసాను ట్యూబులైటు వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "చూడు బాబూ, మబ్బుగా లేదూ? ధాతువంతా ఇందులోనే పోతోంది. ఆపరేషన్‌లో ఏదో కోసేశారు నన్ను" అన్నారు. ఆ మాట అంటుంటే గొంతు వణికింది. వయసు 68. ప్రోస్టేట్ ఆపరేషన్ అయి అప్పటికి రెండు నెలలు.

"రోజూ ఇలాగే ఉంటోందా పెదనాన్నా, ఎప్పుడో ఒకసారా?" అని అడిగాను. రోడ్డు వైపు చూస్తూ, "మీ పెద్దమ్మ దగ్గరికి వెళ్లిన రోజు మాత్రమే. ఆ తర్వాత మొదటిసారి ఒంటికి వెళ్లినప్పుడు" అన్నారు.

ఆ జవాబులోనే విషయమంతా ఉంది. ఆయనకు వచ్చినది జబ్బు కాదు. ఆ ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో ఎక్కువమందికి జరిగేదే ఆయనకూ జరిగింది. జరగబోతోందని ముందుగా ఒక్కరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితం తిప్పి తిప్పి చూశాను, అందులోనూ ఆ మాట లేదు. రెండు నెలలు ఆ మనిషి తన మగతనం మూత్రంలో కలిసి పోతోందని నమ్ముతూ, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయారు.

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉంది, మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్ర. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేం ఇటు వచ్చాం. ఇళ్లలో, బజారులో తెలుగు నడుస్తూనే ఉంది. కానీ ఆసుపత్రికి వెళితే డాక్టరుగారిది ఒడియా, సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది. 'పరిస్రా' అంటే మూత్రమని అందరికీ తెలుసు. అంతకు మించి లోపలి మాట అడగాలంటే పెద్దవాళ్లకు భాష చాలదు. బరంపురం వెళ్లినా ఇదే పరిస్థితి. శ్రీకాకుళమో విశాఖో వెళ్తే భాష కలుస్తుంది, కానీ పక్కన కొడుకో కోడలో ఉంటారు. కొడుకు ముందు ఏ తండ్రి అడుగుతాడు ఆ ప్రశ్న? జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో ఉంటూనే. అలాంటి ఊళ్లో ఇంత అవసరమైన సంగతిని వాడుక మాటల్లో చెప్పేవాళ్లు లేకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లకు పైగా ఈ మందులు చేత్తో అందిస్తున్నవాణ్ని.

ప్రోస్టేట్ అనేది మగవాళ్లకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు 20 గ్రాములు, పెద్ద ఉసిరికాయంత. నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. అరవైల్లో సగం మందికి పైగా, ఎనభై దాటినవాళ్లలో దాదాపు అందరికీ ఎంతో కొంత పెరిగి ఉంటుంది. క్యాన్సర్ కాదు, వయసుతో వచ్చే పెరుగుదల. బయటికి పెరిగితే బాధ లేదు, లోపలికి పెరిగి నాళాన్ని నొక్కితేనే కష్టం. ధార సన్నబడుతుంది, ముక్కాలి, రాత్రికి నాలుగైదుసార్లు లేవాలి, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

మందులతో తగ్గకపోతే, లేదా మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆపరేషన్. మన దగ్గర ఎక్కువగా చేసేది టీయూఆర్‌పీ. బయట ఎక్కడా కోత ఉండదు. వెన్నులో మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి పరికరం పంపి, చివరన ఉన్న కరెంటు తీగతో పెరిగిన కండను చిన్న చిన్న ముక్కలుగా చెక్కి తీసేస్తారు. లేజర్‌తో చేసినా దారి అదే.

ఇక్కడ ఒక పోలిక చెబుతాను. మా చుట్టుపక్కల కొండల్లో సవరలు ముదిరిన ఆనపకాయను ఎండబెట్టి, లోపలి గుజ్జంతా గీకి తీసేసి, బుర్రలో నీళ్లు పట్టుకుంటారు. గుజ్జు పోతుంది, పైన పెంకు చెక్కుచెదరదు. ఈ ఆపరేషన్ కూడా అంతే. ప్రోస్టేట్ మొత్తాన్ని తీసేయరు. లోపల నాళాన్ని నొక్కుతున్న గుజ్జును తీస్తారు, పైపెంకు అలాగే ఉంటుంది. అంగం గట్టిపడటానికి కావలసిన నరాలు ఉండేది ఆ పెంకుకు బయట, వెనకవైపు రెండు పక్కలా, సన్నటి దారాల కట్టలా. గుజ్జు గీకినప్పుడు అవి తెగవు.

ఈ నరాల దారి వైద్యులకు స్పష్టంగా తెలిసింది కూడా మరీ పాతకాలంలో కాదు. అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్, నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ డోంకర్ కలిసి మృతదేహాలను కోసి చూసి ఆ నరాల జాడ పట్టారు. దాన్ని బట్టి 1982లో వాల్ష్ నరాలను కాపాడుతూ క్యాన్సర్ ప్రోస్టేట్‌ను తీసే ఆపరేషన్ మొదలుపెట్టారు. క్యాన్సర్ అయితే పెంకుతో సహా గ్రంథి మొత్తం తీసేయాలి, కాబట్టి అక్కడ నరాలకు నిజంగానే ముప్పు ఉంది. మన జనంలో పెద్ద గందరగోళం ఇక్కడే. ఎవరో బంధువుకు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కాపురం దెబ్బతిన్నదని విని, మామూలు పెరుగుదలకు చేసే ఆపరేషన్ కూడా అలాంటిదే అనుకుంటారు. పేరు ఒకటే, పని వేరు.

"మగతనం పోతుందా?" అని అడిగినప్పుడు అందులో నిజానికి మూడు ప్రశ్నలు ముడిపడి ఉంటాయి. అంగం గట్టిపడుతుందా, సుఖం తెలుస్తుందా, వీర్యం బయటికి వస్తుందా. మూడింటికీ జవాబు ఒకటి కాదు. మూడింటినీ కలిపి "ఏమీ కాదు" అనే డాక్టరూ, కలిపి "అంతా పోతుంది" అనే చుట్టమూ ఇద్దరూ తప్పే చెబుతున్నారు.

మొదట గట్టిపడటం. 1995లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి ఒక మంచి అధ్యయనం వచ్చింది. మధ్యస్థంగా బాధ ఉన్న 556 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు టీయూఆర్‌పీ చేశారు, రెండో గుంపును ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూశారు. దాదాపు మూడేళ్ల తర్వాత లెక్క చూస్తే, ఆపరేషన్ వల్ల నపుంసకత్వం వచ్చినట్టు తేలలేదు. నేను ఎవరికైనా ధైర్యం చెప్పాల్సి వస్తే ముందు దీన్నే చెబుతాను, ఎందుకంటే ఆపరేషన్ కానివాళ్లతో పోల్చకుండా ఈ లెక్క తేలదు. అరవై ఐదేళ్ల మనిషికి మూడేళ్లు గడిస్తే ఆపరేషన్ ఉన్నా లేకపోయినా కొంత తగ్గుతుంది. షుగరు ఉంటే ఇంకా తగ్గుతుంది. సిగరెట్, చుట్ట, బీపీ, గుండె రక్తనాళాల జబ్బు, అన్నీ అక్కడే దెబ్బకొడతాయి. ఆపరేషన్ తర్వాత కొత్తగా ఇబ్బంది వచ్చిందని చెప్పేవాళ్లు కొద్దిమంది ఉన్నారు. పాత లెక్కల్లో అది నూటికి పదిలోపు. కరెంటు వేడి నరాల దాకా సోకడం ఒక కారణం కావచ్చంటారు. టెన్షన్ ఇంకో కారణం, దాన్ని తక్కువగా చూడకూడదు. పోతుందని ముందే నమ్మిన మనిషికి ఒకసారి తడబడితే చాలు, ఆ భయమే రెండోసారి అడ్డుపడుతుంది. మొత్తం మీద, ముందు బాగున్నవాళ్లకు చాలావరకు బాగానే ఉంటుంది. ముందే బలహీనంగా ఉంటే ఆపరేషన్ దాన్ని బాగుచేయదు.

రెండోది సుఖం. ఆ చివరి క్షణం తెలియడం మెదడు, నరాలు, కటి కండరాల పని. అది పోదు. కొందరు మాత్రం మునుపటంత గాఢంగా లేదంటారు, బయటికి వచ్చేది లేకపోవడంతో ఏదో వెలితిగా ఉందంటారు. ఆ వెలితి నిజమే, దాన్ని కొట్టిపారేయకూడదు.

ఇక వీర్యం. పెద్దాయన సీసా సంగతి ఇదే. మూత్రాశయం మెడ దగ్గర ఒక కండరపు కట్టు ఉంటుంది. వీర్యం వచ్చే క్షణంలో అది బిగుసుకుని పైదారి మూసేస్తుంది, వీర్యం ముందుకే వస్తుంది. టీయూఆర్‌పీలో ఆ మెడ దగ్గరి కండ కూడా చెక్కేస్తారు, తలుపు తెరుచుకునే ఉండిపోతుంది. అప్పుడు వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి జారుతుంది, తర్వాత మూత్రంతో పాటు మబ్బుగా వచ్చేస్తుంది. నొప్పి లేదు, హాని లేదు. టీయూఆర్‌పీ అయినవాళ్లలో నూటికి 65 నుంచి 75 మందికి ఇలా అవుతుంది. హోల్మియం లేజర్‌తో గ్రంథి గుజ్జును ఒలిచి తీసే హోలెప్ పద్ధతిలోనూ అంతే, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువే. "లేజర్ కదా, ఏమీ కాదు" అని చాలామంది ధీమాగా వెళుతున్నారు. రక్తం పోవడం, ఆసుపత్రిలో ఉండే రోజులు లేజర్‌తో తగ్గుతాయి నిజమే. వీర్యం విషయంలో మాత్రం లేజర్ పేరు చూసి మోసపోవద్దు.

మెడ ఒక్కటే కారణం కాదని ఇప్పటి సర్జన్లు కొందరు చెబుతున్నారు. వీర్యనాళాలు మూత్రనాళంలోకి తెరుచుకునే చోట చిన్న బొడిపె ఉంటుంది, వెరుమొంటానం అంటారు. దాని చుట్టూ సుమారు సెంటీమీటరు కండను ముట్టుకోకుండా వదిలేస్తే చాలామందికి వీర్యం ముందుకే వస్తోంది. అందరికీ కుదరదు, గ్రంథి ఆకారాన్ని బట్టి ఉంటుంది. అడిగి చూడటంలో తప్పు లేదు. గ్రంథి 30 గ్రాముల లోపే ఉంటే చెక్కకుండా మెడ దగ్గర గాటు మాత్రం పెట్టే టీయూఐపీ ఉంది, అందులో ఈ ఇబ్బంది నూటికి ఇరవై మందికి అటూ ఇటూ. నీటిధారతో కోసే ఆక్వాబ్లేషన్‌లో అది పది దగ్గర ఉంది. చిన్న క్లిప్పులతో గ్రంథిని పక్కకు లాగి కట్టే యూరోలిఫ్ట్‌లో దాదాపు ఉండదు, ఆవిరి పట్టే రెజూమ్‌లో చాలా తక్కువ. కానీ ఇవి ఖరీదు, మన వైపు ఊళ్లలో దొరకడం కష్టం, గ్రంథి మరీ పెద్దదైతే క్లిప్పులు, ఆవిరి పనికిరావు. యూరోలిఫ్ట్ వేయించుకున్నవాళ్లలో ఐదేళ్లు తిరిగేసరికి నూటికి పదమూడు, పద్నాలుగు మందికి మళ్లీ చికిత్స అవసరమైంది. మూత్రం బాగా రావాలంటే ఎక్కువ తీయాలి, వీర్యం నిలవాలంటే కొంత వదలాలి. ఏది ముఖ్యమో చెప్పాల్సింది రోగి. అరవై ఎనిమిదేళ్ల మనిషిని "ఈ వయసులో ఎందుకులే" అని ఎవరూ ఆ మాట అడగకుండా దాటేయడం న్యాయం కాదు.

పిల్లలు కావాలనుకునేవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. రెండో పెళ్లి చేసుకున్న యాభై ఏళ్లవాళ్లు ఉంటారు. ఈ ఆపరేషన్ తర్వాత మామూలుగా గర్భం రావడం బాగా తగ్గిపోతుంది. ముందే వీర్యాన్ని భద్రపరచుకోవచ్చు. తర్వాత అయినా మూత్రంలోంచి వీర్యకణాలను వేరుచేసి సంతాన చికిత్సలో వాడవచ్చు. అలాగని ఇక పిల్లలు పుట్టరని ధీమాగా ఉండటానికీ లేదు, ఇది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాదు.

పెద్దాయన అన్న 'ధాతువు' మాట దగ్గర కాసేపు ఆగాలి. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యం అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. ఆ నమ్మకంతో వచ్చే నీరసానికి, దిగులుకు 1960లోనే డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. నిజానికి వీర్యంలో మూడింట రెండు వంతులు వీర్యకోశాల నుంచి వచ్చే ద్రవం, పావు వంతు పైచిలుకు ప్రోస్టేట్‌ది, వృషణాల నుంచి వచ్చే కణాల వాటా నూటికి ఐదు కూడా ఉండదు. నోట్లో లాలాజలం ఊరినట్టు ఒంట్లో ఊరుతూనే ఉంటుంది. ముందుకు వచ్చినా వెనక్కి వెళ్లినా ఒంటి బలానికి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. మగతనపు హార్మోను తయారయ్యేది వృషణాల్లో, ఈ ఆపరేషన్ వాటి జోలికే పోదు. ఈ నాలుగు మాటలు ముందు చెప్పి ఉంటే ఆయన ఆ సీసా పట్టుకుని బస్సెక్కేవారు కాదు.

మందులు వాడితే ఏ గొడవా ఉండదనుకుంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. టామ్సులోసిన్ వాడేవాళ్లలో కొందరికి వీర్యం తగ్గుతుంది. సైలోడోసిన్‌తో నూటికి పాతిక మందికి పైగా దాదాపు రాకుండా పోతుంది. మాత్ర ఆపితే మళ్లీ వస్తుంది, భయపడక్కర్లేదు. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ వేరే రకం. ఇవి గ్రంథిని కుదిస్తాయి, ఫలితం కనిపించడానికి ఆరు నెలలు పడుతుంది, కొందరిలో కోరికనే తగ్గిస్తాయి. "మందు మొదలెట్టాక మనసే పోవట్లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు చీటీలో ఈ రెండు పేర్ల కోసం చూస్తాను. ఇవి వాడుతుంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్ఏ రక్తపరీక్ష అంకె సగానికి పడిపోతుంది, ఆ సంగతి డాక్టరుకు గుర్తుచేయాలి. టాడలఫిల్ 5 మిల్లీగ్రాములు రోజూ వేస్తే మూత్రం ఇబ్బందీ, గట్టిపడే ఇబ్బందీ రెండూ కొంత తగ్గుతాయి. కానీ గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు దాన్ని తాకకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ లేకుండా అమ్మకూడని మాత్ర ఇది. సంతల్లో, పాన్‌షాపుల్లో కొని వేసుకునేవాళ్లను చూస్తే నాకు గుండె జారిపోతుంది. మరో మాట, టామ్సులోసిన్ వాడుతున్నవాళ్లు కంటిశుక్లం ఆపరేషన్‌కు వెళితే ఆ కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

భయంతో ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లను చాలామందిని చూశాను. ఒకరోజు రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోతుంది, ఆటోలో మెలికలు తిరుగుతూ ఆసుపత్రికి పరుగు, గొట్టం వేస్తారు. ఆ గొట్టం, తొడకు కట్టిన సంచి నెలల తరబడి ఉండిపోయినవాళ్లున్నారు. మగతనం పోతుందని దేనికి భయపడ్డారో, ఆ గొట్టం ఉన్నన్నాళ్లూ దానికే అడ్డంకి. ఆలోపు మూత్రాశయం కండ సాగి బలం చచ్చిపోతుంది, కిడ్నీలు వాస్తాయి. అంతెందుకు, మూత్రం బాధే కాపురాన్ని దెబ్బతీస్తుంది. అమెరికాలోనూ ఆరు యూరప్ దేశాల్లోనూ 50 నుంచి 80 ఏళ్ల మగవాళ్లు పన్నెండు వేలమందికి పైగా అడిగి చూసిన సర్వే 2003లో వచ్చింది. మూత్రం ఇబ్బంది ఎంత ఎక్కువ ఉంటే పడకగది ఇబ్బంది అంత ఎక్కువని తేలింది. వయసు, షుగరు, గుండెజబ్బు లెక్కలోంచి తీసేసినా అదే మాట. రాత్రికి ఐదుసార్లు లేచే మనిషికి, అతని పక్కన పడుకునే మనిషికి నిద్రే లేదు, ఇంక సరసమెక్కడిది?

ఆ పక్కన పడుకునే మనిషి గురించి ఎవరూ రాయరు. ఒకావిడ మా షాపుకు వచ్చి, షుగరు మాత్రలు తీసుకున్నాక వెళ్లకుండా నిలబడిపోయారు. చివరికి, "ఆపరేషన్ అయ్యాక ఆయన వసారాలో పడుకుంటున్నారు బాబూ. నామీద మనసు పోయిందా?" అన్నారు. ఆయన సిగ్గుపడుతున్నారు, ఈవిడ నొచ్చుకుంటున్నారు, మధ్యలో ఒక్క మాట లేదు. డాక్టరు దగ్గరికి భార్యాభర్తలు కలిసి వెళితే సగం బాధ అక్కడే తీరుతుంది. కొడుకును బయట కూర్చోమనండి, తప్పేమీ కాదు.

ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజుల్లో గొట్టం తీస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలు కలయిక వద్దు. సైకిలు, బరువులు, ముక్కడం కూడా వద్దు. పది, పదిహేను రోజులప్పుడు లోపలి పక్కు రాలి మూత్రంలో కొంచెం ఎర్రగా కనబడవచ్చు, నీళ్లు తాగితే తగ్గుతుంది. గడ్డలు పడుతూ మూత్రం ఆగితే మాత్రం వెంటనే వెళ్లాలి. పెంకు మిగిలే ఉంటుంది కాబట్టి పీఎస్ఏ పరీక్షలు మానకూడదు.

సీసా పెద్దాయనకు ఆనపకాయ బుర్ర కథ, తలుపు కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మా బావమరిదికి వచ్చే నెల ఇదే ఆపరేషన్. వాడికి ముందే ఎవరు చెబుతారు?" అన్నారు. వాణ్ని పంపమన్నాను. వచ్చాడు. డాక్టరును ఏం అడగాలని ఉందో చెప్పమంటే నేల చూపులు చూశాడు, నోరు పెగల్లేదు. మందుల చీటీ వెనకవైపు పెన్నుతో తనే తెలుగులో రాశాడు: 'గట్టిపడుతుందా. వీర్యం వస్తుందా. రాకుంటే వేరే దారి ఉందా.' దాని కింద నేను ఒడియాలో రాసిచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, ఆసుపత్రిలో కొడుకు మందులు తేవడానికి వెళ్లినప్పుడు డాక్టరు చేతిలో పెట్టాడట. ఆయన చదివి, తలుపు దగ్గరికి వేసి రమ్మని నర్సుకు చెప్పి, కుర్చీ దగ్గరగా లాక్కున్నారట.